పంతొమ్మిది చిన్న బిళ్ళలు

మొదటి రోజు

దినచర్య పుస్తకం మొదటి పుటలో పేరు, వయసు, చదువు రాయాలని మా సమశ్వాస యువజన సంఘం నియమం. ఓదెలు. ఇరవై రెండు. చదువంటే, చేతికి దొరికిన కరపత్రమల్లా.

మూడో మట్టంలో తూర్పు దారి చివరికంటా నడిస్తే పిల్లల గది వస్తుంది. దాని తర్వాత బాయి లేదు, బొగ్గుగని అక్కడితో ఆఖరు. గది వెనకవైపు నిలువెత్తు సిమెంటు గోడ, అంతే. తల్లులు పనికి పోయినంతసేపు లస్మవ్వ అనే ఆవిడ ఇన్నాళ్ళూ అక్కడ పిల్లల్ని చూసుకుంటూ వచ్చింది. చూసుకోవడమంటే తలుపు దగ్గర గుంపుగా కూర్చోబెట్టి గంజి తాగించడం, ముక్కులు తుడవడం. నేటి నుంచి అది బడి. నేను పంతుల్ని, ఆవిడ ఆయమ్మ.

తలుపు పక్కన బిళ్ళల పలక ఉంది. అందరిలాగే నా ఇత్తడి బిళ్ళ కొక్కేనికి తగిలించి "ఓదెలు దిగిండు" అన్నాను. బిళ్ళ బరువుకు పలక కాస్త కుంగింది. పైన గాలిగొట్టం మూత ఆ మేరకే తెరుచుకుంది. నా వంతు గాలి నాతోపాటు గదిలోకి వచ్చింది. ఈ ఏర్పాటంటే నాకు ప్రాణం. ఎంత పెద్దవాడికైనా ఒకే బిళ్ళ, ఒకే బరువు, ఒకే వంతు. ఏడేళ్ళ లోపు పిల్లలకు సగం బరువున్న చిన్న బిళ్ళ, సగం వంతు. ఎండ మనుషుల్ని నేల మీది నుంచి తరిమినప్పుడు మన తాతలు దిగి వచ్చి చేసిన పనుల్లో న్యాయమైనది ఇదొక్కటే.

లస్మవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"పంతులంటే ముసలోడస్తడనుకున్న. మీసం గూడ సక్కగ రాలే గదనే నీకు."

"చదువు చెప్పేది మీసంతోటి కాదవ్వా."

"అవునవును. నోరైతే వచ్చింది."

రెండో రోజు

'బాలల గది' అనే కరపత్రం ఇప్పటికి నాలుగోసారి చదివాను. అందులో ఒక వాక్యం కింద గీత గీసుకున్నాను: పిల్లల్ని మీ ఎత్తుకు లాగకండి, మీరే వాళ్ళ ఎత్తుకు దిగండి. అందుకని గదిలో ఉన్న ఎత్తు బల్లలు రెండూ బయటికి తోశాను. బొగ్గు మోసి రిటైరైన కన్వేయర్ బెల్టును ముక్కలుగా కోసి, అంచులు రాయితో అరగదీసి చాపలు చేశాను. కూర్చున్నా పడుకున్నా ఇక అన్నీ నేల మీదే. పేలుడుమందు మోసిన కట్టెపెట్టెలు పద్నాలుగు దొరికాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, పక్కకు తిప్పి గోడ వెంట పేరిస్తే పిల్లల మోకాలెత్తు అరలయ్యాయి.

గదిని నాలుగు మూలలు చేశాను. ఒకటి కట్టెముక్కల మూల, కప్పుకు ఊతంగా పెట్టే దుంగల కొసలు కోసి నునుపు చేసినవి. ఒకటి ఇసుక మూల. ఒకటి బొమ్మల మూల. నాలుగోది కథల మూల, సిమెంటు గోడ వారగా. ఆ గోడకు సున్నం కొట్టాను. రెండు పూతలు వేసినా తడి మచ్చలు మళ్ళీ పైకి తేలుతున్నాయి.

లస్మవ్వ ఒక మూల పాత బాయి దీపం వెలిగించి నేల మీద పెడుతుంది. బల్బులుండగా దీపమేమిటి, అందులోనూ చిన్నపిల్లల మధ్య నిప్పు! ఆర్పేయమన్నాను.

"అది ఎలుగు కోసం గాదు పిల్లగా."

"మరెవరి కోసం, దేవుని కోసమా?"

లస్మవ్వ దీపాన్ని ఊదేసి సంచిలో వేసుకుంది.

నాలుగో రోజు

పదహారు మంది వచ్చారు. ఒక్కరూ ఒకచోట కూర్చోరు. దుంగముక్కలతో ఇల్లు కడతారనుకుంటే ఒకడి నెత్తి మీద ఒకడు కొట్టుకున్నారు. ఇసుక సగం గంజికుండలో తేలింది. నేను అరిచాను. మళ్ళీ అరిచాను.

ప్రతి పిల్లకూ ఒక గుర్తు ఉండాలి, ఆ గుర్తు వాళ్ళ కొక్కెం మీదా చాప మీదా వేయాలి. కరపత్రంలో పువ్వులు, పక్షులు ఉన్నాయి. ఇక్కడి పిల్లలకు అవేం తెలుసు? టోపీ, బొగ్గు టబ్బు, గంజిగిన్నె, తాడు, చక్రం గీశాను. ముత్తి అనే నాలుగేళ్ళ పిల్ల అవేవీ వద్దంది. ఎలుక కావాలట.

"ఎలుకెందుకే?"

"అది ఏడికైన పోతది. సారూ, ఎలుకకు బిళ్ళ ఉంటదా?"

"ఉండదు."

"మరి గాలెట్ల పీలుస్తది?"

"దొంగతనంగా."

ముత్తి కడుపు పట్టుకుని నవ్వింది. మధ్యాహ్నం లోపల ఆ పిల్ల అడిగిన ప్రశ్నలు లెక్కపెట్టాను, నలభై ఒకటి. చివరిది: "సారూ, నువ్వు అరిస్తే నీ మెడ మీద తాడు లేస్తది, అదేంది?"

పని ముగించుకుని తీసుకుపోవడానికి వచ్చిన వాళ్ళమ్మ స్వరూప నవ్వు ఆపుకుంటూ, "దానికి జవాబు చెప్పకు సారూ, ఇంకోటి అడుగుతది" అంది. ఆవిడ పుట్టగొడుగుల మడుల్లో పని చేస్తుంది. చేతులు మోచేతుల దాకా తెల్లగా నాని ఉన్నాయి. ముత్తికి ముందు ఇద్దరు పోయారట, ఇదొక్కతే మిగిలిందట.

అయిదో రోజు

ఇవాళ జరిగింది పూర్తిగా రాయాలి.

పోయినేడు పెద్ద అధికారుల గదుల్లో చచ్చిన బంధువుల బిళ్ళలు వేలాడుతుంటే బయటపెట్టింది మా సంఘం. ఒక్కడు నలుగురి గాలి పీలుస్తుంటే కింది మట్టాల్లో రోగులు గుటకలు మింగారు. 'బిళ్ళకో ఋజువు' అన్న కరపత్రంలో సగం నేను రాసిందే. ఇప్పుడది చట్టం. పలక మీద ఎన్ని బిళ్ళలుంటే అంతమంది పని చూపించాలి. బడి అయితే, వారానికోసారి ఒక్కో బిళ్ళకు ఒక్కో రాత అట్ట, గాలి పంచే ఫ్యాను హౌసుకు పట్టాల మీది బొగ్గు టబ్బులో పంపాలి. పిల్ల బొగ్గుముక్కతో అట్ట మీద ఒక్క అక్షరం రాసినా చాలు.

అట్టలు కత్తిరించడానికి పలక మీది చిన్న బిళ్ళలు లెక్కపెట్టాను. ముప్పై అయిదు. పిల్లలు పదహారు.

"ఈ పంతొమ్మిది ఎవలియి అవ్వా?"

"లోపటోల్లయి." గడ్డంతో సిమెంటు గోడను చూపించింది.

ఆ సంగతి తెలియనివాడు ఈ బాయిలో ఎవడూ లేడు. పద్నాలుగేళ్ళ కింద ఈ గది ఇంకా నలభై అడుగులు లోపలికి ఉండేది. కప్పు కూలింది. పంతొమ్మిది మంది పిల్లలు. మూడు రోజులు తవ్వారు. మిగతా దారి కూడా కూలుతుందని భయపడి ఆపేసి గోడ కట్టారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. మా అమ్మ నన్ను వారం రోజులు ఒళ్ళోంచి దించలేదు.

తెలుసు, కానీ నిబంధన నిబంధనే. తీసేయాలన్నాను.

"బిళ్ళ కొక్కేనికున్నదంటే మనిషి లోపటున్నట్టు," అంది లస్మవ్వ. "ఆల్లు లోపట్నే ఉన్నరు. ఎక్కి రాలే. రానోల్ల బిళ్ళ ఎట్ల దీస్తవ్?"

"సచ్చిపోయిండ్రవ్వా! పద్నాలుగేండ్లాయె!"

"నువ్వు సూసినవా?"

నా గొంతు లేచింది. చావుల పేరు మీద గాలి దొంగిలించే వాళ్ళకూ మనకూ తేడా ఏమిటన్నాను. ఏడుపును కొక్కేనికి వేలాడదీయడం మూఢత్వమన్నాను. ఆవిడ అరవలేదు. పలక దగ్గరికి పోయి ఒక బిళ్ళను చూపించింది, ముట్టుకోలేదు.

"ఇది నా కొడుకుది. కొంరెల్లి. ఆ పొద్దుగాల ఆడే తగిలిచ్చుకున్నడు, మునివేళ్ళ మీద నిలబడి. అన్నీ గంతే, పొల్లగాండ్లు ఆల్ల చేతులతోని పెట్టుకున్నయి. ఇయ్యాల్టి దాంక ఎవ్వలం ముట్టలే."

నేను రాయిని కాదు. స్మారకం కోసమని ఒక రేకు డబ్బా తోమి, లోపల ఎర్రగుడ్డ పరిచాను. పంతొమ్మిదీ ఒక్కొక్కటే తీసి అందులో పెట్టాను. బిళ్ళ తీసేటప్పుడు "ఎక్కిండు" అనడం ఆచారం. నా నోట ఆ మాట రాలేదు. కొన్ని కొక్కేలకు అంటుకుపోయి ఉన్నాయి, మెలిపెట్టి లాగాల్సి వచ్చింది. పలక పైకి లేచింది. పైన గొట్టం మూత కిర్రుమని వాలింది. లెక్క సరిపోయిన చప్పుడది అనుకున్నాను.

"ఓదెలూ, ఇంకోసారి ఆలోచించు. గది తట్టుకోది" అంది లస్మవ్వ.

దయ్యాల పేరు చెప్పి నన్ను భయపెట్టాలని చూస్తే కుదరదని చెప్పాను.

తొమ్మిదో రోజు

పద్ధతి పని చేస్తోంది! ఇంత త్వరగా ఫలితం వస్తుందని నేనే అనుకోలేదు.

పొద్దున వచ్చీరాగానే ఎవరి గుర్తున్న చాప మీద వాళ్ళు కూర్చుంటున్నారు. కట్టెముక్కల మూలలో కొట్లాటలు లేవు. ముగ్గురు పిల్లలు గంటసేపు ఒక్క దుంగముక్కనే అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు, అంత ఏకాగ్రత! ఇసుక పెట్టె దాటి ఒక్క రేణువు పడలేదు. నేను కథ చెబితే గుడ్లప్పగించి విన్నారు. అరవడం మానేశాను. అవసరమే రావడం లేదు.

లస్మవ్వ మాత్రం పడుకున్న వాళ్ళను మాటిమాటికీ లేపి దారిలోకి తీసుకుపోయి తిప్పుకొస్తోంది. పాఠం చెడగొట్టవద్దని రెండుసార్లు చెప్పాను.

"ఆల్లకు కాళ్ళు సాగాలె."

"పడుకునే వేళ పడుకోవాలవ్వా. పట్టిక గోడ మీదనే ఉంది."

"ఉన్నది, సూసిన," అని ఊరుకుంది.

పన్నెండో రోజు

మొదటి రాత అట్టలు పదహారూ పంపాను. జతగా నివేదిక కూడా: "పిల్లలు అసాధారణమైన క్రమశిక్షణతో, ప్రశాంతంగా ఉన్నారు. గాలి కేటాయింపు లెక్కకు సరిగ్గా సరిపోయింది. దొంగబిళ్ళలు లేని గదిలో మనసులు కూడా తేటపడతాయనడానికి ఈ బడే సాక్ష్యం."

ఫ్యాను హౌసు గుమస్తా అయిలయ్య చీటీ పంపాడు. అన్ని గదుల్లోకీ ఇదే ఆదర్శమట. సంఘంలో చదివి వినిపించారు. చప్పట్లు కొట్టారు. నాకు తలనొప్పిగా ఉండి ముందుగానే వచ్చేశాను. మూడు రోజులుగా పగలు ఇంతే, బడి దాటి పెద్ద దారిలోకి వస్తే తగ్గిపోతుంది. సున్నం వాసన పడటం లేదేమో.

పదమూడో రోజు

ముత్తి ఇవాళ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మంచి పిల్లవని మెచ్చుకుని, చాప మీద ఎలుక బొమ్మ పక్కన సుద్దతో నక్షత్రం వేశాను. అది నక్షత్రం వైపు చూడలేదు. గోడ వైపు చూస్తూ కూర్చుంది.

పదిహేనో రోజు

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

పడుకునే వేళ అయిపోయింది. పదమూడు మంది లేచారు. ఇద్దరు పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూశారు. ముత్తి తెరవలేదు. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. మొద్దునిద్ర అనుకుని చెంప మీద తట్టాను. మళ్ళీ తట్టాను. మెడ పక్కకు వాలిపోయింది.

లస్మవ్వ సంచిలోంచి బాయి దీపం తీసి వెలిగించింది. నా ఛాతీ ఎత్తులో పట్టుకుంది. బాగానే వెలిగింది.

"సూస్తున్నవా?"

మెల్లగా దించింది. నా నడుము దగ్గర మంట చిన్నదైంది. మోకాలి దగ్గర నీలంగా, గోరంతగా మిగిలింది. ముత్తి చాప మీదికి దించగానే ఆరిపోయింది.

"సచ్చుగాలి నేలకే ఉంటది. నువ్వు నిలవడ్డవ్. ఆల్లు కూసున్నరు."

దీపం అక్కడే పారేసి ముత్తిని భుజానేసుకుని పరుగెత్తింది. యాభై దాటిన మనిషి. మిగతా ఇద్దర్ని చెరో చంకనా ఇరికించుకుని, లేచిన వాళ్ళను తోలుకుంటూ నేను వెనక. పెద్ద దారిలో గాలి మొహానికి కొట్టే చోట పడుకోబెట్టాం. లస్మవ్వ ముత్తి నోట్లో నోరు పెట్టి ఊదింది. ఎంతసేపో తెలియదు. పిల్ల వాంతి చేసుకుంది, ఏడ్చింది. నా జీవితంలో అంత మంచి చప్పుడు వినలేదు.

స్వరూప మడుల్లోంచి అలాగే వచ్చింది, తడి చేతులతో. ముందు బిడ్డను గుండెకు అదుముకుంది. తర్వాత నా చెంప మీద కొట్టింది.

"నీ పుస్తకంలున్నదా ఇది? ఏ పుటలున్నది, సూపెట్టు!"

అందరూ పోయాక లస్మవ్వ గోడకు ఆనుకుని కూలబడింది. ఊపిరి ఇంకా అందడం లేదు.

"మొదాలు ఏడుపుకే ఉంచినం బిళ్ళలు," అంది. "దీపమారే జబ్బు ఈ దారిల అన్ని గదుల్ల ఉన్నది. ఇది ఆఖరి గది, గొట్టం వచ్చేదారంత కారుతది. సగం వంతుల సగమే మనకు చేరుతది. గాని మా గదిల పిల్లలు సావకపోయేది. అప్పుడెరికైంది. లోపటోల్ల వంతు గిటు వస్తున్నదని. తల్లులం పంతొమ్మిది మందిమి కూసోని ఒట్టు పెట్టుకున్నం, ఎవ్వల్ని తియ్యనియ్యద్దని."

"నాకెందుకు చెప్పలేదవ్వా?"

"చెప్తే కరపత్రం రాస్తుంటివి."

నిజమే. రాసేవాణ్ణి.

పదహారో రోజు

ఫ్యాను హౌసుకు పోయాను. పిల్లలకు పూర్తి వంతు కావాలి, గొట్టం బాగుచేయాలి అన్నాను. అయిలయ్య మంచినీళ్ళిచ్చాడు. అదే నన్ను మరీ మండించింది.

"గొట్టం కారుతదని మాకెరికే తమ్మీ. రేకు లేదు. సగం వంతు పట్టీ మార్చాలంటే మూణ్ణెల్లకు మహాసభ, ఆడ పెట్టాలె."

"మూడు నెలలా? నిన్న ఒక పిల్ల సచ్చిపోతుండె!"

"సభల నన్ను అడుగుతరు, ఆ గదిల గాలి సాలదా అని. నేనేం చెప్పాలె?" అరలోంచి ఒక కాయితం తీశాడు. నా నివేదిక. వేలు పెట్టి చదివాడు. "'కేటాయింపు లెక్కకు సరిగ్గా సరిపోయింది.' ఇగో, నీ రాతే. సంఘం ముద్ర సుత ఉన్నది. గింత మంచి గదికి ఎక్కువ గాలెందుకంటరు."

బల్ల తన్నాను. కాయితాలు ఎగిరాయి. ఇద్దరు మనుషులు రెక్కలు పట్టుకుని బయటికి నెట్టారు. అయిలయ్య వెనకనుంచి అన్నాడు, కోపంగా కాదు: "ఎవని గదిల కోయమంటవో పేరు చెప్పు తమ్మీ. నువ్వే చెప్పు. బాయిల ఉన్న గాలి గంతే."

తిరిగి నడుస్తూ ప్రతి గది ముందూ ఆగాను. ఏ పేరూ చెప్పలేకపోయాను.

పదిహేడో రోజు

రేకు డబ్బా తెరిచాను.

తల్లుల్లో పద్నాలుగు మంది బతికి ఉన్నారు. లస్మవ్వ అందరికీ కబురు పెట్టింది. పని మానుకుని వచ్చారు. పిల్లల్ని ఇంకా బడికి రానివ్వలేదు, గది ఖాళీగా ఉంది. మోకాలెత్తు అరల మధ్య అంతమంది పెద్దవాళ్ళు ఒదగలేక ఒదిగి నిలబడ్డారు.

తగిలించడం చిన్న పనే అనుకున్నాను. కానీ మాట అనకుండా బిళ్ళ కొక్కేనికి ఎక్కించకూడదు. అది నేను కొట్టిపారేసే ఆచారం కాదు, బాయిలో పుట్టిన ప్రతివాడి వేళ్ళలో ఉన్న అలవాటు. మాట అంటే ఆ మనిషిని లోపలికి పంపినట్టు. పద్నాలుగేళ్ళ కింద పిల్లలు తమంతట తాము దిగారు. వాళ్ళను ఎవరూ పంపలేదు. ఇన్నేళ్ళూ తల్లులు ఆ ఒక్క ఆధారం మీద బతికారని ఇప్పుడు అర్థమైంది. నేను తీసి ఉండకపోతే ఎవరికీ ఈ మాట అనాల్సిన అగత్యం ఉండేది కాదు.

మొదటి బిళ్ళ ఎత్తాను. సరోజన అనే ఆవిడ కూతురిది. ఆవిడ చెయ్యి చాపింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"నేన్ పంప. మల్ల నేన్ పంప ఆ గోడల్లకు."

"నేనే పంపుతా అక్కా," అన్నాను. "పాపం నాకే ఉండనియ్."

పంతొమ్మిది పేర్లూ నేనే చదివాను. ఒక్కో పేరు తర్వాత "దిగింది," "దిగిండు" అన్నాను. ఒక్కో మాటకూ పలక కుంగింది, మూత ఇంకాస్త తెరుచుకుంది, గాలి చప్పుడు పెరిగింది. తల్లుల కొంగులు కదిలాయి. బిళ్ళలు తగిలించే కొద్దీ నా తలనొప్పి తగ్గిపోవడం నాకే సిగ్గనిపించింది. చివరిది కొంరెల్లిది. లస్మవ్వ నా వైపు చూడలేదు. "దిగిండు" అన్నాక, "ఊ" అంది, ఎవరో పిలిస్తే పలికినట్టు.

ఇక్కడ మూత తెరుచుకున్నంత మేర పై మట్టాల్లో ఏదో గదిలో మూసుకుని ఉంటుంది. అక్కడ ఎవరున్నారో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే భయంగా ఉంది.

పద్దెనిమిదో రోజు

పిల్లలు తిరిగి వచ్చారు. వెంటనే గంజికుండలో ఇసుక పడింది. ఒకడు ఒకణ్ణి కొరికాడు. లస్మవ్వా నేనూ ఒకరినొకరు చూసుకుని, ఎవరినీ తిట్టలేదు.

ముత్తి వాళ్ళమ్మ ఒళ్ళో వచ్చి ఒళ్ళోనే పోయింది. మాట్లాడలేదు.

కానీ రేపు రాత అట్టలు పంపాలి. పలక మీద ముప్పై అయిదు, అట్టలు పదహారు. బిళ్ళకో ఋజువు. ఈ నిబంధన కోసం సంఘం గుమ్మంలో రెండు పూటలు నిరాహారదీక్ష చేసినవాణ్ణి నేనే. పంతొమ్మిది అట్టలు కత్తిరించి, బొగ్గుముక్క తీసుకుని, అన్నింటి మీదా గబగబా 'అ' రాసేశాను. లస్మవ్వ చూసి పెదవి విరిచింది.

"పంతొమ్మిది మంది ఒక్కతీరు రాస్తరా? అయిలయ్య గుడ్డోడు గాదు."

"మరెట్ల రాయమంటవ్?"

"నువ్వు రాయకు. ఆల్లు రాసినట్టు రాయి."

"ఆల్లు ఎట్ల రాస్తరో నాకేమెరుక?"

"మాకెరుక."

అట్టలన్నీ తుడిచేశాను.

పంతొమ్మిదో రోజు

షిఫ్టు మారే వేళ ఒక్కొక్క తల్లీ వచ్చి నా ముందు చాప మీద కూర్చుంది. సరోజన కూతురు ఏది గీసినా అట్టంతా నింపేదట, అంచు దాటి నేల మీదికి పోయేదట. ఇంకొకావిడ కొడుకు బొగ్గు తినేవాడు, సగం గీత గీసి మిగతా ముక్క నోట్లో వేసుకునేవాడు. ఒక పిల్ల చేతికి మసి అంటుతుందని రెండు వేళ్ళతో పట్టుకునేది, గీతలు వెంట్రుకల్లా ఉండేవి. ఒకడు తిడితే తప్ప రాయడు. "జర తిట్టు సారూ, ఊకె రాస్తె ఆడు రాసినట్టుండది," అంది వాళ్ళమ్మ. తిట్టాను. ఎవరిని తిట్టానో నాకు తెలియదు. గొంతు మాత్రం తగ్గించి తిట్టాను. బతికి లేని అయిదుగురు తల్లుల పిల్లల సంగతి మిగతా వాళ్ళు గుర్తు చేసుకుని చెప్పారు.

కొంరెల్లి అట్ట దగ్గరికి వచ్చేసరికి లస్మవ్వ నా చేతి మీద చిన్నగా కొట్టింది.

"గా చెయ్యి గాదు. ఆడు ఎడమచేతోడు."

ఎడమచేత్తో రాశాను. అక్షరం వెనక్కి పడిపోతున్నట్టు వచ్చింది. ఆవిడ అట్టను బల్బు వెలుగులో పెట్టి చాలాసేపు చూసింది. ఇంకొంచెం వంకరగా ఉండాలంది. మళ్ళీ రాశాను.

ముత్తి వచ్చి నా మోచేతి దగ్గర నిలబడింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పింది.

"సారూ, ఈ అట్ట ఎవలది?"

"కొంరెల్లిది."

"ఆడెప్పుడస్తడు?"

లస్మవ్వే చెప్పింది, "నీకంటె ముందుగాలనే అచ్చిండు బిడ్డా."

ముత్తి గదంతా ఒకసారి చూసింది. తల ఊపి, తన చాపను కాస్త పక్కకు జరుపుకుంది, ఎవరికో చోటిచ్చినట్టు.

ఇరవై ఆరో రోజు

చాపలు ముప్పై అయిదు అయ్యాయి. నేను వేయలేదు. పొద్దున వచ్చేసరికి తల్లులు ఎక్కడి నుంచో బెల్టు ముక్కలు కోసి తెచ్చి పరిచారు. వాటి మీద గుర్తులు వేయమన్నారు. కొంరెల్లికి ఏం గుర్తు కావాలని అడిగితే లస్మవ్వ రోజంతా ఆలోచించి, సాయంత్రం పోతూ పోతూ, "చెంచా" అంది. "గంజంటె పానం వానికి."

గదిని మళ్ళీ సర్దాను. కథల మూలను గోడ వార నుంచి తీయలేదు. అక్కడ కూర్చునే వాళ్ళు అక్కడే కూర్చోవాలి కదా. ఎత్తు బల్లలు రెండూ తిరిగి తెచ్చి, పదహారు మందికీ నిద్ర వాటి మీదే అని పట్టిక మార్చాను. బాయి దీపం నేల మీద వెలుగుతోంది. దాన్ని చూడకుండా నేనిప్పుడు పాఠం చెప్పలేను.

సంఘం సమావేశానికి రమ్మని కబురు వచ్చింది. ఉత్తర దారిలో దొంగబిళ్ళల తనిఖీకి నన్ను నాయకుడిగా వేశారట. ఒంట్లో బాగా లేదని చెప్పి పంపాను. జీవితంలో నేను ఆడిన రెండో అబద్ధం. మొదటిది ప్రతి వారం టబ్బులో పోతోంది.

నలభై ఏడో రోజు

పదహారు మంది 'ఈ' దాకా వచ్చారు. ముత్తికి 'ఉ' కూడా వచ్చు, దానికి తోక ఎందుకుందో మాత్రం చెప్పాలట. అయిలయ్య నుంచి చీటీ వచ్చింది: "మీ బడిలో పంతొమ్మిది మంది మొదటి నుంచీ ఒకే అక్షరం దగ్గర ఉన్నారు. ప్రగతి లేని బిళ్ళలను విచారణకు పెట్టవలసి ఉంటుంది. కారణం తెలుపగలరు." చీటీ వెనక పేర్ల వారీగా గళ్ళు.

ఆయనకు తెలుసో తెలియదో ఆ రాత చూసి చెప్పలేను.

తల్లుల్ని పిలిచి విషయం చెప్పాను. పిల్లలు ముందుకు పోవాలి, లేకపోతే గాలి పోతుంది. ఒక్కొక్కరూ ఒప్పుకున్నారు. సరోజన కళ్ళు తుడుచుకుంటూనే, "నా బిడ్డ హుషారు. దాన్ని 'ఇ' లకు తీస్కపో" అంది. బొగ్గు తినే పిల్లవాడి తల్లి 'ఆ' చాలంది, వాడికి అంతకన్నా రాదని ఆవిడకు గట్టి నమ్మకం. పద్దెనిమిది అట్టలు అయ్యాయి. ఎవరి గీత వారిదే. తల్లులు చెప్పకుండానే నా చెయ్యి ఇప్పుడు ఎవరి దగ్గర బిగియాలో, ఎవరి దగ్గర జారాలో తెలుసుకుంది. దీన్ని తలుచుకుంటే నాకు భయమేస్తోంది. ఎవరికీ చెప్పలేదు.

మిగిలింది ఒక్కటి.

"అవ్వా, కొంరెల్లిని 'ఆ' లోకి తీసుకుపోదునా?"

లస్మవ్వ గంజికుండ కడుగుతోంది. కడగడం ఆపలేదు.

"అన్నీ నేర్సుకుంటె ఏమైతది?"

"బడి అయిపోతది. పై తరగతికి పోతడు."

"గీడికెల్లి ఏడికి పోతడు?" కుండ బోర్లించింది. నీళ్ళు కారిపోయేదాకా చూసింది. "ఇంకో నాలుగు దినాలు గా 'అ' కాడనే ఉండనియ్ ఓదెలూ."

బొగ్గుముక్క ఎడమచేతిలోకి మార్చుకుని 'అ' రాశాను. చీటీ తిప్పి, కొంరెల్లి పేరు ఎదురుగా ఉన్న గడిలో కారణం నింపాను: "పిల్లవాడు నెమ్మది. నేనే తొందర పెట్టడం లేదు." కింద పంతులు అని సంతకం పెట్టి టబ్బులో వేశాను.